గడ్డపార తెండి, సైకిలూ తెండి!

ప్రొద్దుటూరు కుర్రవాళ్ళారా! జమ్మలమడుగు పిల్లల్లారా! పులివెందుల చీనీతోటల నీడన సెల్‌ఫోను మీద బొటనవేలు అరగదీస్తున్న నా ఈడువాళ్ళారా! ఆదివారం పొద్దున ఆరింటికి మీరెక్కడున్నారు? దుప్పటి కింద. పదింటికి? టీ బంకు ముందు, బైకు సీటు మీద అడ్డంగా కూచొని. సాయంత్రానికి? గండికోటలో. అవును, వచ్చారు. వచ్చి ఏం చేశారు? నాలుగు ఫొటోలు, ఒక రీలు, రెండు సీసాలు. ఒక సీసా లోయలోకి విసిరారు, రెండోది బండకేసి కొట్టారు. పాత గోడ మీద పేరు గీకి, పక్కన బాణం గుచ్చిన గుండె బొమ్మ వేసి, చీకటి పడకముందే ఇల్లు చేరారు. మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు. ఆ గోడ మీద నా పేరు కూడా ఉంది. ఇంటర్ చదివే రోజుల్లో తాళంచెవితో గీకాను. ఇప్పుడు దాన్ని చెరుపుదామన్నా కుదరదు. అది రక్షిత కట్టడం, పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ పడే చట్టముంది. బాగుచేస్తానని ఎవరికి వారు ఇసుకకాగితం పట్టుకుని పోవడానికీ లేదు. నా మూర్ఖత్వం నాకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. దాని ముందు నిలబడితే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇరవై ఏళ్ళ ఒంట్లో ఎంత సత్తువ ఉంటుందో మనకు తెలుసా? తెలుసుకునే సందు ఎప్పుడిచ్చాం దానికి? మన తాతలు ఈ ఈడుకు బావులు తవ్వారు. కరువు వస్తే గొడ్లను తోలుకుని మేత ఉన్న అడవి దాకా నడిచిపోయారు. మనం ఎదురుచూస్తాం. అదే మన వృత్తి! నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు, రిజల్టు కోసం ఎదురుచూపు, బెంగళూరు నుంచి వచ్చే ఫోను కోసం ఎదురుచూపు. ఉక్కు ఫ్యాక్టరీ సంగతే చూడండి. 2007లో కొబ్బరికాయ కొట్టారు. 2018లో కంబాలదిన్నె దగ్గర కొట్టారు. 2019లో సున్నపురాళ్ళపల్లె దగ్గర కొట్టారు. 2023లో అక్కడే మళ్ళీ కొట్టారు. కొట్టిన చేతులు మారాయి, చప్పట్లు కొట్టిన చేతులు మాత్రం మనవే! ఫ్యాక్టరీ అడగొద్దని నేననను. అడుగుదాం, గొంతు చించుకుని అడుగుదాం. అయితే ఒక కొబ్బరికాయకూ మరో కొబ్బరికాయకూ నడుమ వందల ఆదివారాలు పోయాయే, వాటి లెక్క ఎవరు చెప్పాలి? అవి ఏ ప్రభుత్వం చేతిలోనూ లేవు. మన చేతిలోనే ఉన్నాయి. మన చేతిలోనే చచ్చిపోయాయి.

అందుకని శంకుస్థాపన అక్కరలేని పని ఒకటి చెబుతున్నాను. కొండ సైకిలు! మౌంటెన్ బైకింగ్. గండికోట చుట్టూ ఎర్రమల గట్ల మీద మనం వేసుకున్న దారుల్లో, మనం కాపాడుకునే దారుల్లో, మనమే తొక్కే సైకిళ్ళు. దానికొక క్లబ్బు. ఆ క్లబ్బులో తొక్కడం సగం పని, మిగతా సగం చాకిరీ. నవ్వుతున్నారా? “సైకిలేందిరా, బుల్లెట్ ఉంటే?” అంటున్నారా? బుల్లెట్ మీద నువ్వు కోట వాకిలి దాకా పోతావు. అక్కడ తారు అయిపోతుంది, నీ మగతనమూ అయిపోతుంది. అసలు కొండ అక్కడ మొదలవుతుంది.

డబ్బున్నవాళ్ళ ఆట అని ముఖం తిప్పుకునేవాళ్ళకు ఒక సంగతి. ఈ ఆట పుట్టింది పాత ఇనుములోంచి. అమెరికాలో, కాలిఫోర్నియా మారిన్ కౌంటీలో, కొందరు కుర్రాళ్ళు 1970లలో పాత బండ సైకిళ్ళు పట్టుకొచ్చారు. లావు టైర్లవి, ఒకప్పుడు ఇంటింటికీ పేపర్లు వేసే పిల్లలు తొక్కినవి. వాటిని కొండ మీదికి తోసుకుపోయి కిందికి వదిలేవాళ్ళు. గేర్లు లేవు, పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఒక్కటే. దిగేసరికి ఆ బ్రేకు కాలి, హబ్బులో గ్రీజు పొగలు కక్కేది. ప్రతి దిగుడుకూ గ్రీజు మళ్ళీ కూరాల్సి వచ్చేది. ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు పడింది అందుకే. అక్కడ మొదటి పందెం 1976 అక్టోబరులో జరిగింది. మరుసటి ఏడాది వాళ్ళలో ఒకడు, జో బ్రీజ్, కొండ కోసమే కొత్త సైకిలు తన చేతులతో కట్టాడు. ఆ మొదటి పందెం జరిగిన ఇరవై ఏళ్ళకు, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లో అదే ఆటకు పతకాలిచ్చారు! ఇరవై ఏళ్ళు! ఒక పిల్లాడు పుట్టి మనంత అయ్యేటంత కాలం. ఇక్కడ మన ప్రొద్దుటూరు సందుల్లో పంక్చరు షాపుల వెనక గోడలకు ఆనించి ఎన్ని పాత సైకిళ్ళు తుప్పు పట్టడం లేదు? మనకు లేనిది సైకిలా, పట్టుదలా?

నేను ఈ పిచ్చిలో పడింది కూడా ఒక పాటు వల్లనే. మా చిన్నాయన కొడుకు దగ్గర గేర్ల సైకిలు అడుక్కుని, వానలు పడిన నాలుగు రోజులకు, గట్టు మీద గొర్రెల బాట పట్టాను. ఎక్కేటప్పుడు రాజునే. దిగేటప్పుడు బాట నడుమ వాన కోసిన గాడి ఒకటి నోరు తెరుచుకుని ఉంది. ముందు చక్రం అందులో దిగబడింది, నేను హ్యాండిలు మీదుగా ఎగిరి కంపలో పడ్డాను. మోచేయి చీరుకుపోయింది, సిగ్గు అంతకంటే ఎక్కువ మండింది. గొర్రెలు మేపుతున్న పెద్దాయన ఒకరు నింపాదిగా వచ్చి, నన్ను కాదు, ముందు ఆ గాడిని చూశాడు.

“ఏం అబ్బీ, పడితివా?”

“దోవ బాగలేదు పెద్దాయనా.”

“దోవకేమైంది? బాగనే ఉండె. నీళ్ళకు దోవ చూపిచ్చలేదు ఎవురూ. చూపిచ్చకపోతే నీ దోవనే అది ఎత్తుకుంటాది.”

కట్టె మొనతో బాటకు అడ్డంగా, ఏటవాలుగా ఒక గీత గీశాడు. గీత పొడుగునా నాలుగు చపటా రాళ్ళు నిలబెట్టించాడు నాతో. పది నిమిషాల పని. తరువాత వాన పడ్డాక పనిగట్టుకుని వెళ్ళి చూశాను. నీళ్ళు రాళ్ళ దాకా వచ్చి, పక్కకు తిరిగి, గట్టు మీదికి పారిపోయాయి. బాట చెక్కుచెదరలేదు! పై తరగతుల్లో నేను చదివిన నీటి పాఠాలన్నీ ఆ రోజు నాలుగు రాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాయి. ఇంటికొచ్చే దారంతా ఆ మాటే చెవిలో మోగింది. మన సంగతి వేరా? మన సత్తువకు మాత్రం ఎవరు దోవ చూపించారు? ఎవరూ చూపించనందుకే కదా అది తిరిగి మన మీదే పారుతోంది? ఆన్‌లైన్ రమ్మీలో పారుతోంది, బెట్టింగులో పారుతోంది, అభిమాన హీరో ఫ్లెక్సీ చించారని తలలు పగలగొట్టుకునే అర్ధరాత్రుల్లో పారుతోంది!

దారి వేయడం అంటే కంప కొట్టి, మన్ను గీకడం అనుకుంటున్నారేమో. కాదు. అదొక శాస్త్రం. కొండకు నిట్టనిలువుగా వేసిన బాట రెండు వానలకు వంక అవుతుంది. గట్టు నడుముకు ఒడ్డాణం చుట్టినట్టు, వాలుకు అడ్డంగా తిప్పుకుంటూ పోవాలి. గట్టు వాలు ఎంతో, దారి ఎక్కుడు అందులో సగానికి మించకూడదు. దారి బయటి అంచు లోపలి అంచు కంటే కాస్త పల్లంగా ఉండాలి, నీరు నిలవకుండా జారిపోవడానికి. ప్రతి కొంత దూరానికీ దారి ఒకసారి దిగి మళ్ళీ ఎక్కాలి, అలలాగా. ఆ పల్లం దగ్గర నీరు వెళ్ళిపోతుంది, ఆ ఎక్కుడు దగ్గర సైకిలు గాల్లో తేలుతుంది. ఒక్క మలుపుతో కొండకూ మేలు, కుర్రాడికీ ఖుషీ! మెత్తటి మన్ను ఉన్నచోట బండలు పరచాలి. నాపరాయి తీసి దేశమంతా ఇళ్ళకు పరిచిన జిల్లా మనది. బండ మీద బండ ఎట్లా కూర్చోబెట్టాలో మనకు ఏ దేశంవాడు వచ్చి నేర్పాలి?

నీటి లెక్క మన నెత్తుటిలోనే ఉంది, మరిచిపోయామంతే. పోరుమామిళ్ళ చెరువు శాసనం పేరు విన్నారా? 1369 నాటిది, మన జిల్లాలోనే ఉంది. చెరువు నిలవాలంటే కావలసిన 12 అంగాలేమిటో, చెరువును చెడగొట్టే 6 దోషాలేమిటో రాయి మీద చెక్కించారు. రోజుకు 1,000 మంది చొప్పున రెండేళ్ళు పనిచేశారని కూడా అందులోనే ఉంది. ఆరువందల యాభై ఏళ్ళ కిందట, మన వయసువాళ్ళే ఆ వెయ్యి మందిలో ఎంతమంది ఉండి ఉంటారు! చెరువు తవ్వాక దాన్ని కాచుకునే పద్ధతీ ఉండేది. కుడిమరామత్తు అనేవాళ్ళు. వానలకు ముందు ఊరంతా కదిలి కాలువ పూడిక తీయాలి, కట్టకు మన్ను పోయాలి. కూలి కోసం కాదు, ఊరి మనిషి అయినందుకు. ఇప్పుడు ‘వాలంటీర్’ అంటున్నాం. మాట కొత్తది, మట్టి పాతదే. మన సైకిలు దారికి కుడిమరామత్తు మనమే చేయాలి. తొక్కిన ప్రతి నాలుగు ఆదివారాలకు ఒక ఆదివారం గడ్డపార పట్టనివాడికి క్లబ్బులో చోటు లేదని మొదటి రోజే రాసుకుందాం!

ఒక మాట ఇక్కడే తేల్చుకోవాలి. కోటలో ఒక్క గంపెడు మన్ను కూడా కదపకూడదు. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడానికి చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే ఏదైనా. అడవి అయితే అటవీ శాఖ సంతకం కావాలి. “ఇదంతా ముళ్ళకంపే కదా, ఎవరిని అడగాలి?” అనే నోళ్ళకు కలివికోడి జవాబు చెబుతుంది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, ఇక లేదని ప్రపంచం వదిలేసుకున్న పక్షి. 1986లో మన కడప జిల్లా చిట్టడవిలోనే, రాత్రిపూట, ఐతన్న అనే ఊరిమనిషి చేతికి చిక్కింది. పుస్తకాలు చదివినవాళ్ళకు దొరకనిది కంప తెలిసినవాడికి దొరికింది. అది చిక్కింది లంకమల కొండల వైపు, గండికోటలో కాదు, నిజమే. అయినా ఏ కంప కింద ఏ గుడ్డు ఉందో తెలియనివాడు పార ఎత్తకూడదు. గొర్రెలవాళ్ళను అడుగుదాం, అటవీ శాఖ వాళ్ళను వెంటబెట్టుకుని తిరుగుదాం, ఉన్న బాటనే బాగుచేద్దాం. కొత్తది గీసే ముందు పదిసార్లు నడుద్దాం. తొందర నాకూ ఉంది, మీకంటే ఎక్కువే ఉంది. కొండకు లేదు.

ఆడపిల్లలను మరిచి ఈ మాటలన్నీ చెబుతున్నానా? లేదు! ‘బడికొస్తా’ అని ప్రభుత్వ బడుల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలకు సైకిళ్ళిచ్చిన కాలం ఉంది. ఆ చెల్లెళ్ళు మూడేసి నాలుగేసి కిలోమీటర్లు, వెనక క్యారియర్ మీద స్నేహితురాలిని ఎక్కించుకుని, ఎదురుగాలిలో తొక్కారు. పదో తరగతి అయిపోగానే సైకిలు గొడ్లచావిట్లోకి పోయింది, అమ్మాయి ఇంట్లోకి పోయింది. ఆ కాళ్ళలో ఉన్న బలం ఏమైంది? నా అంచనా చెప్పనా? గండికోట గట్ల మీద మొదటి పందెం పెడితే బుల్లెట్ రాజులెవరూ గెలవరు. ఆ క్యారియర్ బరువు లాగినవాళ్ళు గెలుస్తారు. అందుకే క్లబ్బు మొదటి చాకిరీ కొండ మీద కాదు, బడి వాకిట్లో. నెలకొకసారి ఒక బడికి పోదాం, పంక్చర్లు వేద్దాం, చైనుకు నూనె పెడదాం, బ్రేకు రబ్బర్లు మారుద్దాం. వేసి ఇవ్వడం కాదు, వేయడం నేర్పిద్దాం. పదమూడేళ్ళ పిల్ల తన ట్యూబు తనే విప్పి, నీళ్ళ బకెట్లో ముంచి బుడగ ఎక్కడొస్తుందో వెతికి పట్టుకున్నప్పుడు దాని ముఖం చూడండి ఒకసారి!

ఎండ అంటారా? ఏప్రిల్, మే నెలల్లో 42, 43 డిగ్రీలు దాటే సీమలో మధ్యాహ్నం తొక్కమని ఏ వెర్రివాడూ చెప్పడు. చీకటితో బయలుదేరి, తొమ్మిదికల్లా దిగిపోవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మన కాలం. ముళ్ళు అంటారా? పల్లేరుకాయ గుచ్చుకుంటే ప్యాచ్ వేయి, తుమ్మముల్లు గుచ్చుకుంటే ఇంకో ప్యాచ్ వేయి. జమ్మలమడుగు నల్లరేగడి అంటారా? అది మాత్రం ఒప్పుకుంటాను. వాన పడిన మర్నాడు ఆ నేలలో దిగితే టైరుకూ ఫ్రేముకూ నడుమ బంక పట్టి, సైకిలు మనల్ని మోయడం పోయి మనమే దాన్ని మోయాల్సి వస్తుంది. అందుకే వాన వెలిశాక రాతిగట్టే మనకు గతి. ఆ రాతికి భూగర్భ శాస్త్రంలో పేరేమిటో తెలుసా? గండికోట క్వార్ట్‌జైట్! దాని కింది వరుసల్లో ఒకదాని పేరు పులివెందుల క్వార్ట్‌జైట్! కోటానుకోట్ల ఏళ్ళ రాయికి లోకమంతా మన ఊళ్ళ పేర్లు పెట్టి పిలుస్తుంటే, మనం మాత్రం మన గండిని ‘ఇండియా గ్రాండ్ క్యాన్యన్’ అని అరువు పేరుతో పిలుచుకుని మురుస్తున్నాం. దత్తమండలాలు అన్న పేరు మాకొద్దని 1928లో నంద్యాలలో రాయలసీమ పేరు తెచ్చుకున్న వాళ్ళ మనవలం కదా మనం! పెన్న చీల్చింది ఈ కొండను. సుమారు 300 అడుగుల లోతున, మన నది, మన రాయిని. దానికి గండి కంటే మంచి పేరు ఎవడు పెట్టగలడు?

ఇక డబ్బు మాట. 2024లో కేంద్రం గండికోట పర్యాటకానికి 77.91 కోట్లు మంజూరు చేసింది. రానీ, మంచిదే. మెట్లొస్తాయి, దీపాలొస్తాయి, గదులొస్తాయి. వచ్చినవాళ్ళకు కొండ చూపించేదెవరు? హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వ్యానుల్లో దిగిన శిక్షకులు చూపిస్తుంటే మనం పార్కింగు చీటీలు చింపుతూ నిలబడదామా? అంచున నిలబడి సెల్ఫీ తీసుకునేవాడి చొక్కా పట్టి వెనక్కి లాగేదెవరు? కాలు విరిగినవాడికి చెక్కపట్టీ కట్టి, 108 వచ్చే దాకా నీడన పడుకోబెట్టేదెవరు? లోయలో సీసాలు ఏరేదెవరు? మనం విసిరినవే కదా! ఆదివారం సాయంత్రం జనం తగ్గాక గోనెసంచులు పట్టుకుని దిగుదాం. ఆ పని చేసినవాడికే ఈ కొండ లొంగుతుంది. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ కోట గురించి రాస్తూ, పైకి ఎక్కే దారి ఎంతో కష్టమనీ, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే ఉందనీ చెప్పాడు. రత్నాలు అమ్మేవాడి కంటికి కూడా ముందు ఆనింది దారే!

పూర్ణను గుర్తు చేసుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకులంలో చదివిన పిల్ల, భువనగిరి కోట బండ మీద తాడు పట్టడం నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఎవరెస్టు మీద నిలబడింది. పక్కనే ఖమ్మం పిల్లాడు ఆనంద్. వాళ్ళకు హిమాలయం పెరట్లో ఉందా? ఒక కోట, ఒక బండ, నేర్పే మనిషి ఒకరు. మనకు కోట ఉంది. బండ ఒకటి కాదు, కొండలకు కొండలే ఉన్నాయి. నేర్పే మనుషులు? గొర్రెల వెంట తిరుగుతున్నారు, పంక్చరు షాపుల్లో కూచున్నారు, నాపరాయి గనుల్లో సమ్మెట కొడుతున్నారు. మనం అడగలేదు గనుక వాళ్ళు చెప్పలేదు. సీమ అంటే సుమోలు గాల్లోకి లేవడమే అని సినిమాలు చూపించాయి, మొదటిరోజు మొదటాటకు ఈల వేసి ఒప్పుకున్నది మనమే! ఇక చాలు! గాల్లోకి లేవాల్సింది సైకిళ్ళు. పగలాల్సింది దారికి అడ్డమున్న బండలు. చేతిలో ఉండాల్సింది గడ్డపార. తడవాల్సింది చెమటతో. లేవండి! ప్రొద్దుటూరు లేవాలి, జమ్మలమడుగు లేవాలి, పులివెందుల లేవాలి! మూడు ఊళ్ళ కుర్రాళ్ళు పందెం కోసం కాక పని కోసం ఒకే గట్టు మీద వరుస కట్టి నిలబడితే ఎట్లా ఉంటుందో నాకు చూడాలని ఉంది. ముసలివాణ్ణయ్యాక కాదు, ఈ చలికాలమే!

వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి, జమ్మలమడుగులో గండికోట దారి మలుపు దగ్గర ఉంటాను. అక్కడి నుంచి 15 కిలోమీటర్లు, ఎండ ఎక్కకముందే కోట దగ్గరుంటాం. పులివెందుల వాళ్ళకు దూరం, అందుకని శనివారం రాత్రికే రండి. మా మిద్దె మీద చాపలు పరుస్తాం, పొద్దున్నే అమ్మ ఉగ్గాని కలిపి కట్టిస్తుంది. పాత సైకిలైనా పరవాలేదు, బ్రేకులు పడుతున్నాయో లేదో మాత్రం చూసుకోండి. తలకు హెల్మెట్, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక గోనెసంచి. చెల్లెళ్ళు వస్తామంటే వెంట తీసుకురండి, వద్దని చెప్పే పెద్దాయన ఉంటే ఆయన్నూ తీసుకురండి. ఇంట్లో గడ్డపార లేదని మాత్రం నాకు చెప్పకండి. తలుపు మూల చూడండి.